చూశాను, పంపెయ్యండి

మూడో అంతస్తు, వంటింటి బల్ల
సెలవులు అయిన మర్నాడు

పిచ్చుకా,

ఈ ఉత్తరంలో ఆశీర్వాదాలు లేవు. వెతక్కు.

పొద్దుటి నుంచి తొమ్మిదిసార్లు ఫోను చేశావు. నేను తీయను. నీ గొంతు వింటే "తిన్నావా తల్లీ" అనేస్తాను, నా కోపం అంతటితో సరి. కాగితం మీదైతే నిలుస్తుంది. ఐదో తరగతి చదువు, అక్షరాలు వంకరగా ఉంటే నవ్వుకో. నవ్వడం మీ ఆఫీసుకి అలవాటేగా.

రెండు నెలల క్రితం నువ్వేమన్నావు? "పెద్దమ్మా, ఇరవై రెండేళ్ళు హాస్టల్లో వంట చేశావు, ఒక్కసారి మా వంటల కార్యక్రమంలో చెయ్యవే, సెలవుల్లో పాతికమందికి వంట ఎలా చెయ్యాలో నీకంటే ఎవరికి తెలుసు" అన్నావు. వద్దన్నాను. నాకు భయం అన్నాను. ఆ దీపాలు వేడెక్కి పేలితే? ఆ తీగలు తడినేల మీద ఉంటే? నువ్వు నా గడ్డం పట్టుకుని బతిమాలావు. సరే అని ఇల్లంతా కడిగి, బఠాణీల అన్నం, బంగాళాదుంపల కూర, చివర పాల తీపి, పొద్దున ఆరు నుంచి సాయంత్రం నాలుగు దాకా నిలబడి వండాను. మోకాళ్ళు రెండ్రోజులు లేవనివ్వలేదు.

నిన్న మధ్యాహ్నం కింద దర్జీ ఆవిడ ఇంట్లో టీవీ ముందు అందరం కూర్చున్నాం. నేనే పిలిచాను అందర్నీ, నా ఖర్మ. మొదట బాగానే వచ్చింది. ఉల్లిపాయలు తరుగుతున్నాను. తర్వాత "గ్యాస్ కట్టేశానా?" అన్నాను. మళ్ళీ "గ్యాస్ కట్టేశానా?" మళ్ళీ. మళ్ళీ. ముప్ఫై ఒకటి దాకా లెక్కపెట్టాను, ఆపైన కళ్ళు కనపడలేదు. మధ్యలో అగ్నిమాపకం వాళ్ళ గంట. మూత పడితే డప్పు మోత. నేను ముక్కు తుడుచుకుంటే ఆ మొహాన్ని గోడంత చేసి, కింద "పెద్దమ్మ భద్రతా దళం" అని రాశారు.

దర్జీ ఆవిడ మొగుడు కుర్చీలోంచి జారిపడి నవ్వాడు. ఇవాళ పాలు తెస్తుంటే మెట్ల మీద పిల్లలు "కట్టేశావా మామ్మా" అని అరిచారు. అరవై ఎనిమిదేళ్ళ వయసులో నా మొహం ఎక్కడ పెట్టుకోను?

ఎవరు చేశారో చెప్పు. పేరు కావాలి నాకు.

పెద్దమ్మ

కవరు సరిగ్గా అంటుకోలేదేమోనని అన్నం మెతుకు కూడా పెట్టాను. చింపేటప్పుడు కాగితం చిరుగుతుందేమో, నెమ్మదిగా తియ్యి.


ఎడిటింగ్ గది, ఆఫీసు రెండో అంతస్తు
శుక్రవారం, భోజనం వేళ

పెద్దమ్మా,

నువ్వు ఫోను తీయవు కాబట్టి నేనూ రాస్తున్నాను. పెన్ను పట్టుకుని ఎన్నేళ్ళయిందో, వేలు నొప్పెడుతోంది. శిక్ష మొదలైందనుకో.

నిజంగా సారీ. అది పొరపాటున వెళ్ళింది. ఎలాగో చెప్తాను విను. మేము ఏ కార్యక్రమాన్నయినా ముక్కలు కోసి ఒక వరసలో పేరుస్తాం. టైమ్‌లైన్ అంటాం దాన్ని. అసలుది ఒక వరస. అదే ఫైల్లో పక్కన ఇంకో వరస ఉంటుంది, అది మేము నవ్వుకోడానికి. గది దాటి పోదు. సెలవుల్లో అందరూ ఇళ్ళల్లో తింటుంటే మేము ఆరుగురం ఇక్కడ కూర్చుని ఊళ్ళోవాళ్ళ విందులు కోస్తుంటాం పెద్దమ్మా. వారంలో నూటపాతిక సార్లు ఉల్లిపాయలు వేయించాం, ఒక్క ముక్క నోట్లో పడలేదు. బ్రెడ్డు ముక్కలు తింటూ తెరమీద నెయ్యి చూస్తుంటే మనిషికి పిచ్చెక్కదా?

పోయినేడు ఒక పెద్ద వంటాయన వచ్చాడు. ఆ పక్క వరసలో ఆయన చేత ఒకే కూరలో నలభైసార్లు ఉప్పు వేయించాం. చివర్లో రుచి చూసి "అద్భుతం" అంటాడు. ఆయనకి ఇప్పటికీ తెలీదు. మాలో ఎవరైనా ఇంటి నుంచి డబ్బా తెస్తే "ఈ అన్నం రెండు సెకన్లు ఎక్కువ ఉంది, కత్తిరించు" అంటారు. చారు పల్చగా ఉంటే "రంగు సరిచేద్దాం ఉండు" అంటారు. అదీ మా బతుకు.

బయటికి పంపేటప్పుడు ఏ వరస తెరిచి ఉంటే అదే వెళ్తుంది. ఆ వేళ నవ్వుల వరస తెరిచి ఉంది. అంతే. ఎవరు చేశారంటే ఏం చెప్పను, గదిలో ఆరుగురం ఉన్నాం, తలో చెయ్యీ వేశాం.

మా పెద్దాయన మర్నాడే క్షమాపణ వేయించాడు. నెట్‌లో పెట్టిన వీడియో తీసేశారు. కళ్ళద్దాల అక్క అని ఒకావిడ ఉంది, బయటికి వెళ్ళే ప్రతిదీ చివరిసారి చూసి సంతకం పెట్టేది ఆవిడే. ఆవిడని విచారణ అయ్యేదాకా ఆఫీసుకి రావద్దన్నారు. కాబట్టి తప్పు చేసినవాళ్ళకి శిక్ష పడినట్టే. ఇంక కోపం తగ్గించుకో.

నువ్వు నిజంగా చాలా బాగున్నావే అందులో. అందరూ అదే అన్నారు.

పిచ్చుక


మూడో అంతస్తు, కిటికీ పక్క
ఎనిమిది రోజుల తర్వాత

పిచ్చుకా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మొదటిసారి కొంచెం నవ్వొచ్చింది, నలభైసార్లు ఉప్పు దగ్గర. ఆ నవ్వు వచ్చినందుకు నామీద నాకే ఒళ్ళు మండింది.

"తలో చెయ్యీ" అన్నావు. సరే. ఆ వీడియో చివర నేను ముక్కాలి పీట మీద కూలబడి, చెప్పులు విడిచి, గరిటెతో "నువ్వు కూడా నన్నే చూస్తున్నావా" అంటాను. గుర్తుందా? అప్పటికి మీ దీపాల వాళ్ళు కిందికి దిగిపోయారు. పెద్ద కెమెరా పెట్టెలో పెట్టేశారు. గదిలో ఉన్నది నేనూ, నువ్వూ. నీ చేతిలో ఫోను. నేను అలిసిపోయి, నా ఇంట్లో నా పిల్ల ముందు కూర్చున్నాననుకుని మాట్లాడిన మాట అది.

మిగతా ఐదుగురికి ఆ ముక్క ఎక్కణ్ణుంచి వచ్చిందే?

నన్ను వెర్రిదాన్ని చేశావు, పోనీ. కళ్ళల్లోకి చూసి చెప్పే ధైర్యం లేక ఆరుగురి వెనక దాక్కున్నావు చూడు, అది నాకు ఎక్కువ మండింది. మీ అమ్మకి చెప్పలేదు. చెప్తే అది ఏడుస్తుంది, దానికి ఇప్పటికే షుగరు.

ఇంకోటి. ఆ కళ్ళద్దాల అక్క సంగతి. ఆవిడ పని చూడటం అన్నావు. నేను ఇరవై రెండేళ్ళలో కూర రుచి చూడకుండా ఒక్క పూట కూడా పిల్లలకి పెట్టలేదు. చూసే పని ఉన్న మనిషి చూడకుండా సంతకం ఎందుకు పెట్టింది? ఆవిడ సోమరిదా? ఇంట్లో ఎవరున్నారు ఆవిడకి? రెండు రాత్రులుగా అదే ఆలోచన. ముక్కూ మొహం తెలియని మనిషి గురించి నాకెందుకంటావేమో, నా బుర్ర అంతే, దేన్నీ వదలదు.

సూటిగా రాయి. జోకులు వెయ్యకు.

పెద్దమ్మ


ఎడిటింగ్ గది
మంగళవారం

పెద్దమ్మా,

సరే. నేనే చేశాను. చాలా?

మొత్తం నేనే. గంట చప్పుడు, డప్పు, భద్రతా దళం, అన్నీ. గదిలో అందరూ పడీపడీ నవ్వారు. నాలుగు రోజులుగా ఎవరి మొహంలోనూ నవ్వు లేదు, నా పెద్దమ్మ వల్ల నవ్వారు అని నాకు గర్వంగా ఉండింది, నువ్వు నమ్మినా నమ్మకపోయినా. నువ్వంటే ప్రేమ లేకపోతే అన్ని గంటలు కూర్చుని కోస్తానా? నువ్వు "గ్యాస్ కట్టేశానా" అనడం నేను పుట్టినప్పటి నుంచి వింటున్నాను. మా బడికి ఫోను చేసి మరీ అడిగేదానివి, మా ఇంట్లో పొయ్యి గురించి! ఒక్కసారైనా ఎందుకు అని చెప్పావా? నీ భయాలన్నీ నా నెత్తిన పోసి పెంచావు. దానిమీద ఒక్కసారి నవ్వుకుంటే ఇంత రాద్ధాంతమా?

ఇక కళ్ళద్దాల అక్క. సోమరిది కాదు. ఆ రోజు సెలవు కదా, ఆవిడ అందరికోసం ఇంటి నుంచి వండి తెచ్చింది. ఆరుగురికీ. వారం రోజుల తర్వాత మొదటిసారి వేడి అన్నం. అవతల గదిలో అందరికీ వడ్డించింది కానీ తను తినలేదు, నా ఫైలు చూడాలని వచ్చి నిలబడింది. "నేను మొత్తం చూశాను అక్కా, పంపెయ్యండి, మీరెళ్ళి తినండి, చల్లారిపోతుంది" అన్నాను. నిజంగానే చూశాను, అసలు వరసని. చూశాక, ఆవిడ రాకముందే, ఎవరో "ఇంకొక్కసారి పెద్దమ్మని వెయ్యవే" అంటే నవ్వులది తెరిచాను, దాన్ని మూసి అసలుది తెరవడం మర్చిపోయాను. ఆవిడ నామాట నమ్మి సంతకం పెట్టింది.

విచారణ వచ్చే నెల మొదటి సోమవారం. ఆవిడ నా పేరు చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో నాకు తెలీదు. నన్నెవరూ అడగలేదు కూడా. అడిగితే అబద్ధం చెప్పను. అడగకుండా నేనే వెళ్ళి చెప్తే నన్ను తీసేస్తారు. ఈ ఉద్యోగం కోసం ఎంత తిరిగానో నీకు తెలుసు. ఆవిడకి పదిహేనేళ్ళ అనుభవం ఉంది, ఇంకోచోట దొరుకుతుంది. నాకు దొరకదు.

అబద్ధం ఆడలేదు పెద్దమ్మా. ఊరుకున్నాను, అంతే. నువ్వైనా అర్థం చేసుకో.

పిచ్చుక


మూడో అంతస్తు
వారం తర్వాత బుధవారం, పొద్దున

పిచ్చుకా,

అర్థం చేసుకోమన్నావు. అర్థమైంది. నాకు అర్థమైనంత ఇంకెవరికీ కాదు.

ఎందుకు అని ఒక్కసారైనా చెప్పావా అన్నావు. చెప్తాను. ఈ కాగితం ఎవరి చేతిలోనైనా పడితే ఏమిటని భయంగా ఉంది, అయినా రాస్తాను. చదివి చింపెయ్యి. వద్దు, చింపకు. ఉంచుకో.

నువ్వు పుట్టకముందు సంగతి. హాస్టల్లో నాకు తోడు రెండో వంటావిడ ఉండేది. నాకంటే నాలుగేళ్ళు చిన్న. అక్కా అక్కా అని తిరిగేది, నా వంతు గిన్నెలు కూడా తోమేది. అప్పుడూ సెలవులే. ఇళ్ళకి వెళ్ళలేని పిల్లలు పదకొండుమంది మిగిలారు. వాళ్ళకి ఏదైనా మంచిది వండుదామని పొద్దున్నే పాలు పెట్టాను. పొంగి మంట ఆరిపోయింది. నేను మాటల్లో పడి గిన్నె దించి, తలుపేసి, బజారుకి వెళ్ళాను. గ్యాస్ మీట కట్టెయ్యలేదు.

మధ్యాహ్నం అది వచ్చి అగ్గిపుల్ల గీసింది.

కుడిచెయ్యి మోచేతి దాకా కాలింది. కనుబొమలు పోయాయి. ప్రాణం పోలేదు. హాస్టల్ వార్డెనమ్మ వచ్చి "పొయ్యి దగ్గర చివర ఉన్నదెవరు?" అని అడిగింది. నావైపు చూసి అడగలేదు. అందర్నీ చూసి అడిగింది. నేను ఊరుకున్నాను. "దీని అజాగ్రత్తే" అని ఆవిడే తేల్చేసింది. చేతికి కట్టు కట్టించి, ఆ నెలతో పని మాన్పించేసింది.

అబద్ధం ఆడలేదు పిచ్చుకా. ఊరుకున్నాను, అంతే.

నీ మాటే. అచ్చంగా నీ మాటే. మీ అమ్మ పెళ్ళి కావాలి అప్పటికి, మా నాన్న మంచం మీద ఉన్నాడు, నా పని పోతే ఇల్లు ఆగిపోతుంది. దానికి వంట బాగా వచ్చు, ఇంకోచోట దొరుకుతుంది అనుకున్నాను. కాలిన చేత్తో వంటకి ఎవరు పెట్టుకుంటారే? అది కూడా ఆలోచించలేదు నేను. ఆలోచించలేదో, ఆలోచించి పక్కన పెట్టానో.

ఆ రోజు నుంచి మీట దగ్గర నిలబడి అడుగుతూనే ఉన్నాను. ఎవర్నో కాదు, నన్ను నేనే. నువ్వు దాన్ని తీసి ముప్ఫై ఒక్కసార్లు కుట్టి ఊరందరికీ చూపించావు. నువ్వు కుట్టింది ముప్ఫై ఒకటే. నాకు ఎన్నో లెక్క లేదు.

నీమీద కోపం ఉంది. కానీ ఇప్పుడు ఆ కోపం వీడియో గురించి కాదు. నన్ను నవ్వులపాలు చేశావు, వదిలేశాను, మెట్ల మీద పిల్లలు ఇంకో రెండు వారాలు అరిచి మానేస్తారు. కానీ నువ్వు నాలాగా తయారైతే మాత్రం నేను ఊరుకోను. మీ ఆఫీసుకి బస్సెక్కి వస్తాను. ఆ పెద్దాయన బల్ల ముందు నిలబడి నీ ఉత్తరం చదివి వినిపిస్తాను. నా చదువు సంగతి నీకు తెలుసు, కూడబలుక్కుంటూ గంటసేపు చదువుతాను, అందరూ వింటారు.

ఉద్యోగం పోతే పోనీ. నా ఇంట్లో రెండు మంచాలున్నాయి. సోమవారం లోపల చెప్పు. అడిగేదాకా ఆగకు. ఎవరూ అడగరు. నన్ను ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు.

పెద్దమ్మ


అద్దె గది
సోమవారం గడిచి మూడు రోజులు

పెద్దమ్మా,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు నీమీద పళ్ళు కొరికాను. ఎంత కోపమొచ్చిందంటే, ఆ వీడియో ఇంకోసారి వేస్తే బాగుండు అనుకున్నాను. పెద్దదానివని, నాకు అన్నీ నేర్పినదానివని ఇన్నాళ్ళూ అనుకున్నాను కదా.

చెప్పేశాను. శనివారమే పెద్దాయన గదికి వెళ్ళాను. నవ్వుల వరస నాదని, "చూశాను, పంపెయ్యండి" అన్నది నేనని. ఆయన కళ్ళద్దాల అక్కని పిలిపించాడు. ఆవిడ వచ్చి నా ఎదురుగా కూర్చుంది. ఆయన "ఈ అమ్మాయి చెప్పేది నిజమేనా?" అన్నాడు. ఆవిడ "నిజమే. చూడకుండా సంతకం పెట్టింది మాత్రం నేను" అంది.

ఆవిడని మళ్ళీ పనిలోకి తీసుకున్నారు. నన్ను తీసెయ్యలేదు, కానీ ఆర్నెల్లు ఎడిటింగ్ బల్ల ముట్టుకోవద్దన్నారు. పాత టేపులున్న గదిలో పెట్టెలకి చీటీలు అంటిస్తున్నాను. గదిలో మిగతావాళ్ళు నాతో మాట్లాడటం లేదు. నవ్వుల వరసలన్నీ చెరిపేయమని ఉత్తర్వు వచ్చింది, ఉప్పాయనది కూడా పోయింది, నావల్లే అంటున్నారు.

బయటికి వచ్చాక మెట్ల దగ్గర అక్కకి సారీ చెప్పబోయాను. నన్ను తిట్టింది పెద్దమ్మా. ఇరవై మంది చూస్తుండగా. "నీ నోట్లో ఏం పెట్టుకున్నావే ఇన్ని రోజులు? నేను వండి తెచ్చిన అన్నమేనా? నువ్వే వచ్చి చెప్తావని ఎదురుచూశాను, నా పిల్లలకి నేనేం చెప్పాలో తెలీక ఆఫీసుకి వెళ్తున్నట్టు డబ్బా సర్దుకుని రోజూ పార్కులో కూర్చున్నాను" అంది. కింద గేటు దాకా తిడుతూనే వచ్చింది. ఇంటికొచ్చి ఏడ్చాను. ఇప్పటికీ ఏడుపొస్తోంది.

నువ్వు చెప్పమన్నావు, చెప్పాను. మరి నువ్వు?

పిచ్చుక


బస్సు స్టాండు, టీ కొట్టు బల్ల
నెల తర్వాత, సాయంత్రం

పిచ్చుకా,

"మరి నువ్వు?" అని రెండు మాటలు రాసి పడేశావు. వారం రోజులు అన్నం సహించలేదు. నీకు అంత పొగరు ఎక్కణ్ణుంచి వచ్చిందా అని తిట్టుకున్నాను. తర్వాత హాస్టల్‌కి వెళ్ళి పాత గుమస్తాని పట్టుకుని రెండో వంటావిడ చిరునామా అడిగాను. ఇక్కడికి రెండు బస్సులు మారాలి. ఎక్కడ తప్పిపోతానో అని ప్రతి కండక్టరునీ మూడేసిసార్లు అడిగాను, ఒకడు విసుక్కున్నాడు.

ఇల్లు దొరికింది. కింద వాటా, ఆకుపచ్చ తలుపు. తనే తీసింది. జుట్టంతా తెల్లబడింది. కుడిచెయ్యి మోచేతి దాకా ముడతలు పడి మెరుస్తోంది. నన్ను చూసి గుర్తుపట్టింది, ఒక్క క్షణం కూడా పట్టలేదు.

గడప బయటే నిలబడి చెప్పేశాను. పాలు పొంగడం, మీట, బజారు, అన్నీ. దారంతా వల్లెవేసుకున్నవి ఒక్కటీ గుర్తు రాలేదు, గబగబా చెప్పేశాను. అది తలుపు రెక్క పట్టుకుని మొత్తం వింది.

చివరికి అంది, "నాకు తెలుసు. అప్పుడే తెలుసు. కట్టుతో వారం రోజులు హాస్టల్ గేటు దగ్గరికి వచ్చి నిలబడ్డాను, మీరు బయటికి వచ్చి చెప్తారేమోనని. మీరు వంటింటి కిటికీలోంచి చూసి, తెర వేసేశారు."

తలుపు మూసేసింది. గట్టిగా కాదు. నెమ్మదిగా, గడియ పడేదాకా.

ఆ తెర సంగతి నీకు రాసిన ఉత్తరంలో లేదు. కావాలనే రాయలేదు. ఏడు రోజులూ చూశాను దాన్ని, గేటు దగ్గర. ఏడు రోజులూ తెర వేశాను.

అక్కా అని కూడా అనలేదు నన్ను. మీరు అంది.

నీ కళ్ళద్దాల అక్క గేటు దాకా తిట్టిందని ఏడ్చావు. ఏడవకు. ఆవిడ ఇంకా నీతో మాట్లాడుతోంది, పిచ్చిదానా. వెళ్ళి ఎదురుగా నిలబడు. ఇంకా తిట్టమను. అరవమను. ఆవిడ అలిసిపోయేదాకా నిలబడి విను. నాకు ఇవాళ ఎవరైనా నాలుగు వీధులు వినపడేలా తిడితే బాగుండునని ఉంది. ఎవరూ తిట్టలేదు. టీ కొట్టతను కూడా "కూర్చోండమ్మా, ఎండలో వచ్చారు" అన్నాడు.

మా ఊరి బస్సు వచ్చింది, వెళ్ళిపోయింది. ఎక్కలేదు. ఆ ఆకుపచ్చ తలుపున్న వీధి ఇక్కణ్ణుంచి కనపడుతోంది.

పెద్దమ్మ